నేను పెంచిన ఊసరవెల్లి

“ఊసరవెల్లి” యనునది మన భాషలో నొక తిట్టుమాటగా మారిపోయినది. మాట నిలుకడ లేనివానిని, పూట కొక పక్షమున చేరువానిని మన మా పేరుతో పిలుతుము. “తొండ ముదిరి ఊసరవెల్లి యైనది” అను సామెతయు కలదు. చిన్నతనమున నేనును ఆ జంతువు కనబడినపుడెల్ల రాయి విసరినవాడనే. కాని 2018వ సంవత్సరమున నొక ఊసరవెల్లి మా యింట పదునెనిమిది దినములు నివసించి పోయెను. నాటినుండి ఆ మాటను తిట్టుగా వాడుటకు నాకు నోరు రాలేదు. మన పాఠశాల సాంవత్సరిక సంచికకు పూర్వ విద్యార్థిగా నేదైన వ్రాయుమని ఉపాధ్యాయులు కోరిరి. పెద్ద విషయములు వ్రాయుటకు నాకు పాండిత్యము చాలదు. కనుక కంటితో చూచినదానిని, చేతితో చేసినదానిని, చేయరానిదై యుండియు చేసినదానిని కూడ దాచక వ్రాయుచున్నాను.

మా గ్రామము వజ్రపుకొత్తూరు మండలములో సముద్రమునకు ఒక క్రోసెడు దూరమున నున్నది. పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రపు టొడ్డున వ్యాపించిన యీ సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానవన మను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఎటు చూచినను కొబ్బరి, జీడిమామిడి, పనస. తూర్పున సముద్రము, పడమట దూరముగా మహేంద్రగిరి. మా జీడిపిక్కలు పలాస, కాశీబుగ్గలలోని కార్ఖానాలకు పోయి, అచట పగులగొట్టబడి, పప్పుగా మారి, తగరపు డబ్బాలలో దూరదేశములకు పోవును. మా నాయనకు రెండెకరముల జీడితోట యుండెను. అది మా తాత నాటినది. మా చదువులు, మా అక్క పెండ్లి, మా యింటి కప్పు, అన్నియు ఆ తోట యిచ్చినవే.

ఆ యేడు దసరా నవరాత్రులు ప్రారంభమైన మరునాడు, అనగా అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, నాలుగున్నరకును అయిదున్నరకును నడుమ, “తిత్లీ” తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగమున, ఒక్కొక్కప్పుడు 165 కిలోమీటర్ల వేగమున వీచెనని వాతావరణ శాఖవారు ప్రకటించిరి. తిత్లీ యనగా హిందీ భాషలో సీతాకోకచిలుక. ముందురోజు ఆ యర్థము తెలిసికొని మేము పిల్లలము నవ్వుకొంటిమి. తెల్లవారిన తరువాత నవ్విన వారెవ్వరును లేరు. కొబ్బరిచెట్లు కొన్ని నడుమకు విరిగెను, కొన్ని వ్రేళ్ళతో పెకలి పడెను. మా జీడితోటలో నూటికి పైగా నున్న చెట్లలో నిలిచినవి తొమ్మిది. మా నాయన ఆ యుదయము తోట గట్టుమీద నిలిచి ఒక్కసారి చూచి, ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండెను. ఆ తరువాత చాల దినములు ఆయన తోటవైపు పోలేదు. మాతో మాటలాడుటయు తగ్గిపోయెను. జీడిమొక్క నాటినచో కాపు పట్టుటకు మూడు నాలు గేండ్లు, నిండు కాపునకు ఎనిమిది పది యేండ్లు కావలెను. కొబ్బరికి అంతకంటె నోపిక కావలెను. ఆ లెక్క ఆయనకు తెలియును గనుకనే ఆయన మాటలాడలేదని నే నిప్పుడు గ్రహించుచున్నాను.

తుపాను వెళ్ళిన మూడవనాడు నేను అమ్మతో కూడ రాలిన కొబ్బరికాయ లేరుటకు పోతిని. పడిపోయిన యొక జీడిచెట్టు కొమ్మలలో, వాడిన యాకుల నడుమ, ఆకుపచ్చని ఆకొకటి మెల్లగా కదలెను. దగ్గరకు పోయి చూడగా అది ఊసరవెల్లి. జానెడు దేహము, అంతే పొడవైన తోక, తలమీద టోపీవంటి యెముక. ఒక కన్ను నన్ను చూచుచుండగా రెండవ కన్ను ఆకాశమును చూచుచుండెను. నేను చేయి చాపగానే అది దేహమును వెడల్పు చేసి, నోరు తెరచి, బుస్సుమనెను. మా మామ్మ దూరమునుండియే, “ఒరే బాబూ, దాన్ని ముట్టకు, విషం కక్కుతాది” అని కేకవేసెను. దానికి విషమన్న మాటయే లేదని నాకు తరువాత తెలిసినది. అప్పుడు మాత్రము, చెట్లన్నియు పోయిన యీ జంతువు ఎక్కడ నుండును, కాకి తన్నుకొని పోవునుగదా యను జాలి భయమునకంటె నెక్కువ కాగా, ఒక కొమ్మ నందించితిని. అది ముందు వెనుకలకు ఊగుచు, అడుగుతీసి అడుగు వేయుటకు ఆలోచించుచు, చివరకు కొమ్మ నెక్కెను. నేను దానిని ఇంటికి తెచ్చితిని.

మొదట దానిని జీడిపప్పు నింపెడి ఖాళీ తగరపు డబ్బాలో పెట్టి, మూతకు రంధ్రములు చేసితిని. రాత్రికి దాని పచ్చదనము పోయి, దేహమంతయు బొగ్గురంగు తిరిగెను. గోడలు నున్నగా నుండుటచే కాళ్ళు పట్టు దొరకక జారి జారి పడుచుండెను. ఊసరవెల్లి పాదము చేయివలె కాక పట్టకారువలె నుండును. వ్రేళ్ళు రెండు గుంపులుగా చీలి కొమ్మను ఇరుప్రక్కల నుండి పట్టుకొనును. పట్టుకొనుటకు కొమ్మ లేనిచోట దానికి నడకయే లేదు. ఈ సంగతి పుస్తకములో చదివినది కాదు, ఆ డబ్బాలో జారుచున్నపుడు చూచి నేర్చుకొన్నది.

మరునాడు పడిపోయిన పనసకొమ్మలను కోసి, రెండు మూరల వెడల్పు, మూడు మూరల యెత్తు గల చట్రము కట్టి, నాలుగు ప్రక్కల పాత దోమతెర చుట్టితిని. అడుగున చెక్క పరచితిని. లోపల వ్రేలంత లావు, బొటనవ్రేలంత లావు కొమ్మలను ఏటవాలుగా కట్టితిని. ఇల్లు వెడల్పుగా నుండుటకంటె ఎత్తుగా నుండుట ముఖ్యము. ఏలయన నిది పైకెక్కి నిద్రించు జంతువు. తూర్పున అరుగు చివర పెట్టగా ఉదయపు టెండ సగము, నీడ సగము వచ్చెను. ఉదయమున అది నల్లబడి, దేహమును పలకవలె చేసి ఎండవైపు త్రిప్పి వేడిని త్రాగును. వేడి చాలగానే మరల ఆకుపచ్చనగును. దానికి ఎండయు కావలెను, ఎండనుండి తప్పుకొను చోటును కావలెను. ఒకటి యిచ్చి రెండవది యీయకున్నచో చచ్చిపోవును.

నీటివిషయమున నేను చాల పొరబడితిని. చిన్న మూకుడులో నీరు పోసి పెట్టితిని. రెండు దినము లది ఆ మూకుడు వైపైన చూడలేదు. కండ్లు లోపలికి పోయెను. మూడవనాడు చిన్న జల్లు పడగా, కొమ్మమీది ఆకునుండి జారు చుక్కలను నాలుకతో నందుకొని చాలసేపు త్రాగెను. నిలిచిన నీటిని అది నీరుగా నెరుగదు; కదలెడి చుక్కయే దానికి నీరు. అప్పుడు నేను కొబ్బరిచిప్ప అడుగున సన్నని రంధ్రము చేసి, పైన వ్రేలాడదీసి, చుక్క చుక్కగా ఆకులమీద పడునట్లు చేసితిని. ఉదయమొకసారి, సాయంకాల మొకసారి ఆ చిప్ప నింపుట నా పనియయ్యెను.

ఆహారమునకు మిడుతలు, ఈగలు, రెక్కల పురుగులు. కుళ్ళిన అరటిపండు ఒకటి గూటిలో వ్రేలాడగట్టితిని. ఈగలు తామే వచ్చెను. అది పురుగును చూడగానే రెండు కండ్లను ఒకే వైపు త్రిప్పును, దూరమును కొలుచుకొనును, ముందుకు వంగును. కంటిరెప్ప పాటులో దేహమును మించిన నాలుక బయలుదేరి, పురుగుతో మరలి వచ్చును. విద్యుత్తు లేని ఆ సాయంకాలములలో మా వీధి పిల్లలందరును ఈ వేడుక చూచుటకు మా యరుగు చేరిరి. విషమని భయపడిన మామ్మ కూడ ఒకనాడు ఒక మిడుతను పట్టి తెచ్చెను.

ఇక నా తప్పు. దోమతెర సన్నని యల్లికలో దాని గోళ్ళు చిక్కుకొనుచుండెను. ఒక గోరు ఊడి నెత్తురు వచ్చెను. ఇనుప జాలీ యుండినచో బాగుండునని నాకు తోచినది. కాశీబుగ్గ పోయి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు తెమ్మని అమ్మ నూరు రూపాయల నోటు ఇచ్చినపుడు, నేను సగముతో జాలీముక్క కొని, మిగిలిన సగముతో కొవ్వొత్తులు తెచ్చి, ధర పెరిగినదని చెప్పితిని. ఆ దినములలో ధరలు పెరిగిన మాట నిజమే గనుక అమ్మ నమ్మెను. ఆ రాత్రి రెండు కొవ్వొత్తులకు బదులు ఒక్కటియే వెలిగించి, దానిని నా పుస్తకముల ప్రక్క పెట్టి, తాను చీకటిలో వంట చేసెను. అటు కొత్త జాలీగూటిలో నా ఊసరవెల్లి సుఖముగా నిద్రించుచుండెను. నాకు మాత్రము అక్షరములు కనబడలేదు. వారము దినముల తరువాత నేనే చెప్పివేసితిని. అమ్మ, “అడిగితే ఇవ్వనా బాబూ?” అని మాత్రమే యనెను. దెబ్బలు తినియున్న ఇంత కాలము జ్ఞాపక ముండెడిది కాదేమో.

ఆ గూటిలోనే నేను రంగుల సంగతియు పరీక్షించితిని. ఏ రంగుమీద పెట్టిన ఆ రంగునకు మారునని అందరును చెప్పుదురు. నా చెల్లెలి ఎర్రని పరికిణీమీద పెట్టితిని. అది ఎర్రబడలేదు, భయముతో నల్లబడెను. నీలిరంగు సిరాకాగితముమీద పెట్టితిని, అప్పుడును నల్లబడెను. కొమ్మమీద పెట్టగానే పచ్చనయ్యెను. రాత్రి నిద్రలో లేతపసుపు. అనగా అది చుట్టునున్నదానిని చూచి వేషము వేయుట లేదు; వేడి, చలి, భయము, కోపము, నెమ్మది, వీనిని దేహముమీద వ్రాసి చూపుచున్నది. తరువాత మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు దీని కారణము చెప్పిరి. దాని చర్మములో గ్వానిన్ అను పదార్థపు మిక్కిలి సూక్ష్మమైన స్ఫటికములు వరుసలుగా నుండును. అవి దగ్గరగా నున్నపుడు నీలికాంతి తిరిగి వచ్చును. పైనున్న పసుపు వర్ణముతో కలిసి అది పచ్చగా కనబడును. స్ఫటికములు ఎడమైనపుడు పసుపు, ఎరుపు కాంతులు తిరిగి వచ్చును. మడగాస్కరు ద్వీపపు ఊసరవెల్లులపై పరిశోధించి, 2015లో స్విట్జర్లండు దేశపు జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీనిని వెల్లడించిరి. ప్రపంచమున రెండువందలకు పైగా ఊసరవెల్లి జాతులున్నవి. వానిలో సుమారు సగము మడగాస్కరులోనే కలవు. మన దేశమున నున్నది ఒక్కటే జాతి. దానికి 1768లో లారెంటి యను పండితుడు సింహళద్వీపము పేరు కలిపి “కమీలియో జైలానికస్” అని నామకరణము చేసెను. తొండ వేరు, ఇది వేరు. తొండ ఎంత ముదిరినను తొండయే.

పది పండ్రెండు దినములు గడచిన తరువాత అది తినుట మానెను. మిడుతను ముందు పెట్టినను చూడదు. పగలెల్ల కొమ్మలు దిగి అడుగు చెక్కమీద అటునిటు తిరుగును. మూలలను గోళ్ళతో గీరును. పొట్ట బరువుగా, గడ్డలు గడ్డలుగా కనబడెను. దేహముమీద పసుపు చుక్కలు వచ్చెను. నేను జబ్బనుకొంటిని. కొమ్మలు మార్చితిని, ఆకులు మార్చితిని, ఈగలను మరింత తెచ్చితిని. ఒక్కటియు పని చేయలేదు. రాత్రి ఆ గీరుడు వినబడుచుండగా నాకు నిద్రపట్టెడిది కాదు.

అట్లుండగా అక్టోబరు 30న మా మేనమామ బియ్యపు బస్తా, ఇంటి కప్పునకు టార్పాలిన్ తీసికొని వచ్చెను. ఆయనది టెక్కలి దగ్గరి తేలినీలాపురము. ఆ యూరికి ఏటేట శీతకాలమునకు ముందు గూడబాతులు, రంగుల కొంగలు వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోవుట మనలో చాలమంది చూచియే యుందురు. మామయ్య గూటివద్ద కూర్చుండి చాలసేపు చూచి యిట్లనెను: “ఇది జబ్బు కాదురా అల్లుడూ. కడుపుతో ఉన్నాది. గుడ్లు పెట్టడానికి నేల కావాల. నువ్వేటి, చెక్క పరిసినావు.”

నేను సిగ్గుతో తల వంచితిని. ఇంత యెత్తు, ఇంత వెడల్పు, ఎండ, నీడ, చుక్క, పురుగు, అన్నియు నమర్చితినని గర్వపడితిని. చెట్టుమీద బ్రతుకు జంతువునకు మన్నుతో పని యేమని ఒక్కనాడును ఆలోచింపలేదు. అది పదునైదు దినములుగా నా చేతిలో నున్నను దాని కడుపు సంగతి నాకు తెలియదు. “మట్టి తెచ్చి గూటిలో పోయుదునా?” అని అడిగితిని. మామయ్య, “మా ఊళ్లో పక్షులకి మేమెవ్వరమూ గూళ్లు కట్టలేదురా. చెట్లు నరకలేదు, అంతే. ప్రతి యేడూ వస్తాయి” అనెను.

ఆ సాయంకాలము గూటి తలుపు తీసి, దానిని కొమ్మతో సహా తోటకు తీసికొనిపోతిమి. పెకలి పడిన చెట్ల వ్రేళ్ళ క్రింద ఇసుకమన్ను వదులై గోతులుగా నుండెను. ఒక మోడు దగ్గర దించగా అది మెల్లగా నేల దిగి, ఇక్కడొకసారి, అక్కడొకసారి గీరి చూచి, చివరకు ఒక వ్రేటిక్రింద నిలిచి త్రవ్వ మొదలిడెను. ముందు కాళ్ళతో త్రవ్వును, వెనుక కాళ్ళతో మన్ను నెట్టును. తల లోపలికి పోయెను, దేహము పోయెను, తోక మాత్రము మిగిలెను. చీకటి పడెను. మేము దూరముగా లాంతరు పెట్టుకొని కూర్చుంటిమి. కొంతసేపటికి వెనుక అడుగుల చప్పుడాయెను. చూడగా మా నాయన. తుపాను తరువాత ఆయన తోటలో అడుగుపెట్టుట అదియే మొదలు. ఏమియు అడుగలేదు. మా ప్రక్కన కూర్చుండెను. మామయ్యయు నేనును నిద్రకు తాళలేక ఇంటికి వచ్చితిమి. ఆయన తెల్లవారువరకు అక్కడనే యుండెను.

ఉదయమున పోయి చూడగా గోయి లేదు. మన్ను కప్పబడి, అదిమి చదును చేయబడి యుండెను. నాయన చూపించియుండనిచో ఆ చోటు నాకు తెలిసెడిది కాదు. ఊసరవెల్లి సన్నబడి, మట్టిరంగున, నిలిచియున్న తొమ్మిది చెట్లలో నొకదాని మొదటికొమ్మపై నుండెను. నేను చేయి చాపలేదు. నాయన చుట్టును నాలుగు తాటికమ్మలు గ్రుచ్చెను.

నెల తరువాత మోళ్ళు పెకలించుటకు పొక్లెయిను వచ్చెను. నాయన దాని ముందు నడచుచు, ఏ మోడు తీయవలెనో చూపించుచు, ఆ చోటికి వచ్చి ఆగి, “ఈ మోడు తియ్యకండి. దీని కింద పిల్లలున్నాయి” అనెను. పొక్లెయిను వాడు నవ్వెను. నాయన నవ్వలేదు.

ఆ గుడ్లు పొదుగబడినవో లేదో నేను చూడలేదు. అవి నేలలో ఎన్నో నెలలుండి పిల్లలగునట. పిల్లలు ఎవరికిని చెప్పక పోవును. 2019 వానలలో నాయన కొత్త జీడిమొక్కలు నాటించెను. ఆ మోడుచుట్టు మాత్రము గుంట త్రవ్వలేదు. మొక్కలు నా యెత్తు పెరిగిన తరువాత ఒకనాడు ఒక రెమ్మపై ఒక చిన్న ఊసరవెల్లిని చూచితిని. అది దాని సంతానమేనని చెప్పుటకు నాకు సాక్ష్యము లేదు. నన్ను చూచి అది నల్లబడెను గనుక నేను వెనుకకు వచ్చితిని.

ఇంకొక మాట చెప్పవలసియున్నది. సెలవుల తరువాత నేను ఈ కథ గర్వముగా చెప్పగా, మా ఉపాధ్యాయులు అంతయు విని, 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఊసరవెల్లిని పట్టుట, పెంచుట, అమ్ముట నేరమని చెప్పిరి. గాయపడిన జంతువు దొరికినచో అటవీశాఖవారికి తెలుపవలెనుగాని ఇంట నుంచుకొనరాదు. నేను తెలియక చేసితిని. చదివిన మీరు తెలిసి చేయవలదు.

సోదర విద్యార్థులారా, గూడు కట్టుట యెట్లో నేను పైన వ్రాసితిని. మీరు కట్టవలెనని వ్రాయలేదు. అది కట్టుచు నేను తెలిసికొన్న దేమనగా, కొమ్మ, ఎండ, నీడ, ఆకుమీది చుక్క, పురుగు, వదులైన మన్ను, ఇవన్నియు కలిసిన గూడు మన ఉద్దానమున ముందే యున్నది. దానిని మన తాతలు నాటిరి. తుపాను దానిని చాలవరకు కూల్చెను. మరల నాటుట మన పని. ఊసరవెల్లి కనబడినపుడు రాయి విసరకుడు. ఎవరినైన తిట్టవలసివచ్చినచో వేరొక మాట వెదకికొనుడు. మా తోటలో ఆ మోడు నేటికిని ఉన్నది. దానిప్రక్కనుండి చిగిర్చిన కొమ్మకు కాపు పట్టినది. ఆ పిక్కలను నాయన వేరుగా ఎండబెట్టును. కార్ఖానాకు పంపక పిల్లలకు పంచును.